సైనిక్‌పురిలో తుపాకీ బేరం

సికింద్రాబాద్ స్టేషన్ నుంచి మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ మీదుగా వస్తుంటే దారంతా ఇరుకే. ఆటోలు, స్కూలు బస్సులు, రోడ్డు మీదికి జరిగిన కూరగాయల బండ్లు. సైనిక్‌పురిలోకి మలుపు తిరగ్గానే మాత్రం ఊపిరి తిరుగుతుంది. రోడ్లు వెడల్పు. రెండు వైపులా వేపచెట్లు, గోడల మీంచి కిందికి వాలిన కాగితపు పూలు. ఇక్కడ నడిచేటప్పుడు నాకో సరదా ఉంది. గేట్ల మీద పేర్లు చదువుకుంటూ పోతాను. కర్నల్ ఫలానా, వింగ్ కమాండర్ ఫలానా, సుబేదార్ మేజర్ ఫలానా. పేరు పక్కన బ్రాకెట్లో 'రిటైర్డ్' అని ఉంటుంది కానీ, ఉదయం ఆరింటికి వాళ్ల నడక చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

పేరులోనే ఉంది కదా, ఇది సైనికుల ఊరు. మాజీ సైనికులు సహకార సంఘం పెట్టుకుని, స్థలాలు పంచుకుని, ఇళ్లు కట్టుకున్న కాలనీ. ఇక్కడికే ఎందుకొచ్చారంటే దాని వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. ఇంగ్లీషు దొరల పటాలాలు దిగాయి. తిరుమలగిరి, బొల్లారం అన్నీ దండు నేలలే. స్వాతంత్ర్యం వచ్చాక ఆ బారకాసుల్లోకి మన పటాలాలు వచ్చాయి. ఈఎంఈ వాళ్ల మిలటరీ కాలేజీ తిరుమలగిరిలో ఉంది. పంజాబ్ వాడైనా, కేరళ వాడైనా సర్వీసులో ఒక్కసారైనా సికింద్రాబాద్ నీళ్లు తాగి ఉంటాడు. ఆ నీళ్లు, ఈ ఎండా పడినవాళ్లు రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. అలా సైనిక్‌పురి, పక్కన డిఫెన్స్ కాలనీ, వాయుపురి.

ఇటుపక్క 1967లో ఈసీఐఎల్ వచ్చింది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్.రావు గారి పేరు మీద ఏ.ఎస్.రావు నగర్ వెలిసింది. 2007లో కాప్రా మున్సిపాలిటీ మహానగరంలో కలిసింది. ఆ తర్వాత బంగళాలు ఒక్కొక్కటీ అపార్ట్‌మెంట్లయ్యాయి, కొన్ని కాఫీ షాపులయ్యాయి. ఒకప్పుడు మేజర్ గారు గులాబీలు పెంచిన చోట ఇప్పుడు కుర్రాళ్లు పాస్తా తింటున్నారు. మంచిదే. కానీ పాత ఇళ్లలో మిగిలిన వాళ్లెవరు? డెబ్బై దాటిన దంపతులు, లేదా ఇద్దరిలో ఒక్కరు. పిల్లలు డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో. పెద్ద ఇల్లు, పొడుగు కాంపౌండు గోడ, రాత్రి తొమ్మిది దాటితే నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోంచి ఒక ప్రశ్న పుట్టింది. దాని గురించే ఈ కబురు.

చిన్నాయన ప్రశ్న

మా చిన్నాయన ఈఎంఈలో ఆర్మరర్. అంటే తుపాకుల డాక్టరన్న మాట. 1970లో చేరి, 28 ఏళ్లు చేసి, సుబేదార్‌గా దిగాడు. సైనిక్‌పురి నుంచి యాప్రాల్ వైపు వెళ్లే దారిలో ఓ చిన్న గల్లీలో సొంతిల్లు. సొంతూరు భువనగిరి వైపు. అక్కడ నాలుగెకరాలు. సగం మక్క, సగం పల్లి. వారానికి మూడు రోజులు ఆయన పొలంలో ఉంటాడు. చిన్నమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

పోయిన పంటకాలంలో రెండు సంగతులు వెంటవెంటనే జరిగాయి. పొలంలో అడవి పందులు పడి ఒక్క రాత్రిలో ఎకరం మక్కను దున్నేశాయి. వారం తిరక్కుండానే ఇక్కడ పక్క గల్లీలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు. చిన్నాయన పొలం నుంచి ఫోన్ చేస్తే చిన్నమ్మ ధైర్యంగానే మాట్లాడింది. కానీ ఆ రాత్రి హాల్లో లైటు ఆర్పలేదని తర్వాత తెలిసింది.

టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్లో తేల్చి పారేశాడు. "నాన్నా, ఓ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనుక్కో. ఇక్కడ మా పక్క రాంచ్ ఆయన దాంతోనే పందుల్ని కొడతాడు. ఇంటికీ అదే, పొలానికీ అదే." వీడియో కూడా పంపాడు. నల్లటి రైఫిలు, దాని మీద దుర్భిణీ, రాత్రిపూట పచ్చగా మెరిసే పందులు.

చిన్నాయన వీడియో రెండుసార్లు చూశాడు. నన్ను పిలిపించాడు. "నువ్వు పేపర్లు చదువుతవ్ గదరా, జెర కనుక్కో. ఏది కొనొచ్చు, ఏది కొనరాదు? నాకు ఫౌజ్ కానూన్ తెలుసుగనీ సివిల్ కానూన్ తెల్వది" అన్నాడు.

అలా మొదలైంది మా తుపాకీ బేరం. సైనిక్‌పురి లాంటి చోట ఇలాంటి మాట తీస్తే ఎవరూ ఉలిక్కిపడరు. పార్కు బెంచీ మీద పెద్దాయనలు నలుగురు కూర్చుంటే ఒకరు పన్నెండు బోరు అంటారు, ఇంకొకరు మూడొందల పదిహేను అంటారు. మందుల గురించి మాట్లాడుకున్నంత మామూలుగా మాట్లాడుకుంటారు.

చేతిలో పెరిగిందే, చేతికి రానిది

ముందు ఓ విచిత్రం చెప్పాలి. ఈ కాలనీలో డెబ్బై దాటిన ప్రతి సైనికుడూ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తోనే ఉద్యోగం చేశాడు. 1962లో చైనా యుద్ధానికి మనవాళ్లు మూడొందల మూడు బోల్ట్ రైఫిళ్లతో వెళ్లారు. ఒక్కో గుండుకీ గొళ్లెం లాగి, తోసి, కాల్చాలి. ఆ దెబ్బ తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారై వచ్చింది ఎస్ఎల్ఆర్. సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. 7.62 ఎం.ఎం., మ్యాగజీన్‌లో 20 గుళ్లు, బరువు నాలుగు కిలోల పైచిలుకు. మీట ఒకసారి నొక్కితే ఒక గుండు పోతుంది, తర్వాతి గుండు దానంతటదే ఎక్కుతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే అంతే. మీట నొక్కి పట్టుకుంటే ధనధనా పోతూనే ఉండేది ఫుల్ ఆటోమేటిక్. 1971 యుద్ధం ఎస్ఎల్ఆర్‌తోనే చేశారు. తొంభైల్లో ఇన్సాస్ వచ్చేదాకా అదే మన జవాను ఆయుధం.

మా చిన్నాయన ఎన్ని ఎస్ఎల్ఆర్‌లు విప్పి బిగించాడో లెక్కలేదు. కళ్లకు గంతలు కట్టినా బిగిస్తాడు. కానీ యూనిఫాం విప్పిన మర్నాటి నుంచి అదే రైఫిల్ ఆయనకు నిషేధం.

మన ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని కింద తాజా నిబంధనలు 2016లో వచ్చాయి. అందులో ఆయుధాలను తరగతులుగా విడగొట్టారు. ఫుల్ ఆటోమేటిక్ సంగతి అడగనే అక్కర్లేదు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కూడా మొదటి తరగతిలోనే ఉన్నాయి. మన వాడుకలో వీటిని 'ప్రొహిబిటెడ్ బోర్' అంటారు. సైన్యం వాడే .303, 7.62 తూటాలు పట్టే రైఫిల్ అయితే బోల్ట్ యాక్షన్ అయినా ఆ తరగతే. వీటికి మన కమిషనర్ గారో, కలెక్టర్ గారో లైసెన్స్ ఇవ్వలేరు. కేంద్ర హోం శాఖ ఇవ్వాలి. ప్రాణానికి పెద్ద ముప్పు ఉందని తేలిన వాళ్లలాంటి కొందరికి తప్ప అది రాదు. పందులొచ్చాయనో, పక్కింట్లో దొంగలు పడ్డారనో ఇవ్వరు.

తమాషా ఏంటంటే, .32 పిస్తోలు కూడా సెమీ ఆటోమేటిక్కే. అది మాత్రం మామూలు లైసెన్స్ మీద దొరుకుతుంది. రైఫిల్ దొరకదు. దూరం పోయే గుండంటే ప్రభుత్వానికి భయం ఎక్కువ.

మా తమ్ముడికి ఈ సంగతి చెబితే, "అదేం చట్టం నాన్నా" అన్నాడు. చిన్నాయన నవ్వి, "మీ కాడ మాత్రం అందరికీ ఇస్తరా?" అని అడిగాడు. నిజమే. అమెరికాలో హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నిషేధం. వేట లైసెన్స్ ఉండటంలాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫొటో దిగే మన కుర్రాళ్లకి ఆ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

అయితే ఏది దొరుకుతుంది?

మామూలు మనిషికి మన దగ్గర ఉన్న దారులు నాలుగు.

ఒకటి, పన్నెండు బోరు. రెండు గొట్టాల డబుల్ బ్యారెల్, లేదా ముందుకీ వెనక్కీ లాగే పంప్ యాక్షన్. ఇది రైఫిల్ కాదు, గొట్టం లోపల నున్నగా ఉంటుంది. తూటాలో రవ్వలు ఉంటాయి. ముప్పై నలభై మీటర్ల లోపే దీని బలమంతా.

రెండు, .315 రైఫిల్. బోల్ట్ యాక్షన్. ఇషాపూర్‌లోనే చేస్తారు. .303 తూటా పౌరులకు ఇవ్వకూడదన్న కట్టడి వల్లే ఈ బోరు ఇంత చలామణీలోకి వచ్చింది. గుండు కిలోమీటరు దాటి కూడా ప్రాణం తీయగలదు.

మూడు, .32 రివాల్వర్ లేదా పిస్తోలు. 2014లో ఆడవాళ్ల కోసమని కాన్పూర్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అనే తేలిక రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో. ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటింది.

నాలుగు, భర్‌మార్. గొట్టంలో మందు కూరి కాల్చే నాటు తుపాకీ. తెలంగాణ పల్లెల్లో ముసలివాళ్లని అడగండి, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం కథల్లో వడిసెలతో పాటు ఈ భర్‌మార్ కూడా వస్తుంది.

చట్టంలోని 13వ సెక్షన్ చదువుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. రైతుని అందులో ప్రత్యేకంగా తలుచుకున్నారు. రక్షణకో, క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి బోరు తుపాకీ అడిగినా, నిజంగా పంట కాపలాకే భర్‌మార్ అడిగినా లైసెన్స్ ఇవ్వాలి అని ఉంది. భర్‌మార్ చాలదని అధికారికి అనిపిస్తే పంట కాపలాకే పన్నెండు బోరు కూడా ఇవ్వొచ్చు. మిగతా వాటికి, అంటే రైఫిల్‌కీ, పిస్తోలుకీ, 'తగిన కారణం' చూపించాలి. ఇంకో మంచి మాట కూడా ఉంది. ఆస్తిపాస్తులు లేవన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది.

అయితే 'ఇవ్వాలి' అని ఉందని రేపే ఇచ్చేస్తారనుకోకండి. ఇరవై ఒకటి నిండాలి. ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి. పోలీసు విచారణ ఉంటుంది. డాక్టరు సర్టిఫికెట్ కావాలి, మనసు నిలకడగా ఉందన్న మాటతో సహా. తుపాకీ వాడకంలో, భద్రతలో శిక్షణ తీసుకున్నట్టు కాగితం కావాలి. ఇంట్లో ఎక్కడ, ఎలా దాస్తారో రాసివ్వాలి. జంటనగరాల్లో లైసెన్స్ ఇచ్చే అధికారం పోలీస్ కమిషనర్లది, జిల్లాల్లో కలెక్టర్లది. 2019 సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఒక్కో మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి. తాతల నాటి తుపాకీ అయినా ఆ రెండింటి లెక్కలోకే వస్తుంది. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చి ఎవరికైనా ప్రమాదం తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

"ఇంత కష్టమెందుకు, చాటుగా ఓ తపంచా కొంటే సరి" అనే సలహాదారులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల మాట వినకండి. లైసెన్స్ లేని తుపాకీకి ఇప్పుడు రెండేళ్లకు తగ్గని జైలు. చేతిలో పేలిపోతే వేళ్లు పోవడం అదనం.

పొలంలో లెక్క

ఓ ఆదివారం చిన్నాయనతో పొలం వెళ్లాను. సైనిక్‌పురి నుంచి గంటన్నర. చేను కాపలా ఉండే మల్లన్న (అసలు పేరు ఇది కాదు) పంది కాళ్ల గుర్తులు చూపించాడు. "మంద మంద వస్తున్నయ్ సార్. డబ్బా కొడ్తే ముందుగాల ఉరికేటియి. ఇప్పుడు నిలబడి సూస్తున్నయ్" అన్నాడు.

చిన్నాయన గట్టు మీద నిలబడి చేతిని రైఫిల్‌లా చాపి చుట్టూ చూశాడు. అలవాటు. ఉత్తరాన చింతతోపు, దాని వెనక గొల్లవాళ్ల మంద. తూర్పున పక్క రైతు బావి, అక్కడ రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి ఎవరో ఒకరు వస్తారు. పడమర రోడ్డు. "ఇక్కడ రైఫిల్ పనికిరాదు. గుండు పందికి తగలకపోతే ఎటు పోతదో చెప్పలేం. తగిలినా దూసుకుపోవచ్చు. చీకట్ల ఎవడి మంచం మీద పడుతదో" అన్నాడు. అంతదాకా రైఫిల్ మీద ఉన్న మనసు ఆ గట్టు మీద విరిగిపోయింది.

సరే, పన్నెండు బోరు? అక్కడ ఇంకో చట్టం అడ్డొచ్చింది. తుపాకీ లైసెన్స్ వేరు, వేట అనుమతి వేరు. పంట కాపలాకని తుపాకీ ఇచ్చినా, పందిని కాల్చే హక్కు దాంతో రాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో అడవి పంది ఉంది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకి నష్టం చేసే జంతువుని చంపాలంటే 11వ సెక్షన్ కింద అధికారుల అనుమతి కావాలి. తెలంగాణలో అనుమతి పొందిన షూటర్లతో అడవి పందుల్ని కాల్పించే పద్ధతి ఉంది కానీ, రైతు తన తుపాకీతో తనే కాల్చుకోవచ్చని కాదు. పంది మన మీదికి దూకినప్పుడు ప్రాణం కాపాడుకోవడం వేరే సంగతి, దానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. లేకపోతే భర్‌మార్ అయినా, పన్నెండు బోరు అయినా గాల్లోకి కాల్చి బెదిరించడానికే.

టెక్సాస్‌లో పందులు ఆ నేలవి కావు. బయటి నుంచి వచ్చి పెరిగిపోయిన బెడద. సొంత భూమిలో వాటిని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్స్ కూడా అక్కర్లేదు. మన అడవి పంది ఈ నేలదే. పులికి, చిరుతకి తిండి. అదే వీడియో ఇక్కడ తీస్తే మా తమ్ముడు బెయిలు కోసం టికెట్ కొనుక్కుని రావాల్సి వచ్చేది.

మల్లన్న మెల్లగా ఇంకో దారి చెప్పాడు. "పక్కోళ్లు కరెంటు తీగ పెడుతున్నరు సార్." స్తంభం నుంచి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కట్టడం. చిన్నాయన ముఖం మారిపోయింది. "ఆ మాట మళ్ల అనకు" అన్నాడు. ప్రతి ఏడూ పేపర్లో చూస్తూనే ఉంటాం. పంది కోసం పెట్టిన తీగకి పక్క చేను రైతు, పొద్దున్నే నీళ్లు పెట్టబోయిన కొడుకు, ఒక్కోసారి పెట్టిన మనిషే. తుపాకీకైనా మనిషి కన్ను, వేలు కావాలి. తీగకి కన్ను లేదు.

చివరికి రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పే పద్ధతులు పట్టుకున్నాం. పల్లి చుట్టూ నాలుగు వరసలు ఒత్తుగా కుసుమ వేయాలి, ముళ్లకి పంది ముట్టె పెట్టదు. మక్క చుట్టూ ఆముదం వేయాలి, ఆ వాసన దానికి పడదు. దాంతోపాటు సోలార్ కంచె. అది బ్యాటరీ మీద క్షణం క్షణం ఆగి ఆగి కొట్టే షాకు. దులిపేస్తుంది కానీ చంపదు. ఖర్చు కూడబలుక్కుంటే ఇద్దరు ముగ్గురు రైతులకి కలిపి ఒకటి సరిపోతుంది. ఒకరు కట్టి పక్కవాడు కట్టకపోతే పందులన్నీ పక్కవాడి చేలోకే పోతాయి కాబట్టి, కలిసి కట్టడమే ధర్మం కూడా.

ఇంట్లో లెక్క

పొలం సంగతి తేలింది. ఇల్లు మిగిలింది. ఇక్కడ చిన్నాయన ఇంకా పట్టు వదల్లేదు. "పన్నెండు బోరు ఒకటి దరఖాస్తు పెడుత. మీ చిన్నమ్మకు ధైర్యం ఉంటది" అన్నాడు.

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉందా అంటే, ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. దోపిడీ జరుగుతున్నా, చీకటి పడ్డాక ఇల్లు పగలగొట్టి లోపలికొస్తున్నా, అవసరమైతే ప్రాణం తీసేదాకా ఆ హక్కు వెళుతుంది. కానీ దానికి రెండు గీతలున్నాయి. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించి గాయపరిచే హక్కు ఎప్పుడూ లేదు. గోడ దూకి పారిపోతున్న దొంగ వీపు మీద కాలిస్తే, మర్నాడు కోర్టులో నిలబడేది మనమే. చీకట్లో, నిద్ర కళ్లతో, భయంతో, నాలుగు క్షణాల్లో ఈ లెక్కలన్నీ వేయాలి.

చిన్నమ్మ అంతసేపూ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటోంది. చివర్లో ఒక్క మాట అడిగింది.

"ఏమండీ, లైసెన్సు ఎవరి పేరు మీద వస్తది?"

"నా పేరు మీదనే."

"మీరు పొలం కాడుంటే మరి? తుపాకి పెట్టెల, తాళం మీ జేబుల. దొంగ నేను ఒక్కదాన్ని ఉన్ననని చూసే కదా వచ్చేది. మీరు ఇంట్ల ఉన్నప్పుడు ఎందుకొస్తడు?"

చిన్నాయన ఏమీ అనలేదు. 28 ఏళ్ల సర్వీసులో ఇన్ని మాటలకి జవాబు దొరకలేదు కాబోలు. చిన్నమ్మ పేరు మీదే లైసెన్స్ తీసుకోవచ్చు, ఆమె శిక్షణ తీసుకుంటే. ఆ మాట నేనే అన్నాను. "నాకెందుకు రా నాయనా, కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడుత" అంది.

కాసేపటికి చిన్నాయన అన్న మాట మాత్రం నేను మరచిపోలేను. ఫౌజులో ఆయుధాలు దాచే గదిని కోత్ అంటారు. "28 ఏండ్లు తుపాకులతోనే బతికిన. ఒక్క దినం కూడ తుపాకి పక్కన పెట్టుకుని పండుకోలే. పొద్దుగూకంగనే కోత్‌ల జమజేసుడు, లెక్కబెట్టుడు, సంతకం బెట్టుడు. కోత్ ముంగట రాత్రంత సంత్రీ. గంట గంటకు డ్యూటీ చూస్తరు. ఇప్పుడు ఇంట్ల పెట్టుకుంటే కోత్ నేనే, సంత్రీ నేనే. డెబ్బై నాలుగేండ్ల సంత్రీ!"

సైన్యం తుపాకీని ఇవ్వడం కంటే తిరిగి తీసుకోవడం మీద ఎక్కువ శ్రద్ధ పెడుతుందని నాకు అప్పుడే తెలిసింది. బయట అందరం కొనే బేరమే ఆడతాం. ఏ బోరు, ఎంత ధర, ఎంత దూరం పోతుంది అని. రాత్రి ఎక్కడుంటుంది, తాళం ఎవరి దగ్గర, తూటాలు వేరే పెట్టెలో ఉన్నాయా, సెలవలకు మనవలు వస్తే ఏం చేస్తాం, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేయమంటే అన్నాళ్లు ఎలా, మనం పోయాక ఎవరికి చెందుతుంది? ఈ ప్రశ్నలు దుకాణంలో ఎవరూ అడగరు.

తుపాకీ మీద ఇష్టం ఉంటే

అలాగని తుపాకీ అంటే చెడ్డదని నేను చెప్పడం లేదు. ఒంటరి పొలం, అడవి అంచు ఊరు, నిజంగా బెదిరింపులున్న మనిషి - వీళ్ల లెక్క వేరు. అలాంటి వాళ్లు పన్నెండు బోరు తీసుకుని, పద్ధతిగా నేర్చుకుని, పద్ధతిగా దాచుకుంటే తప్పేముంది? రైఫిల్ కన్నా రవ్వ తూటా గోడలు దాటి పక్కింటికి పోయే ప్రమాదం తక్కువ అని ఈ కాలనీ పెద్దలే చెబుతారు. గోడకి గోడ ఆనుకున్న అపార్ట్‌మెంట్లలో అదీ భయమే.

కాల్చడం మీదే సరదా ఉంటే, దానికి మన ఊరే పుట్టిల్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. మన ఈషా సింగ్ 13 ఏళ్లకే జాతీయ చాంపియనైంది, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. మామూలు .177 ఎయిర్ రైఫిల్, బలం 20 జౌళ్లు దాటకపోతే లైసెన్సే అక్కర్లేదు. గచ్చిబౌలిలో రేంజి ఉంది. పిల్లలకి ఆసక్తి ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. తుపాకీ పట్టుకోవడం కంటే ముందు దాని మూతి ఎటు చూడాలో నేర్పుతారు.

చిన్నాయన దరఖాస్తు పెట్టలేదు. ఆ డబ్బులో కొంత సోలార్ కంచెకి పోయింది. మిగిలిన దాంతో వెనక గేటుకి గట్టి గొళ్లెం, గోడ పొడుగునా మనిషి కదలగానే వెలిగే లైట్లు, రెండు కెమెరాలు వచ్చాయి. పొలం వెళ్లేటప్పుడు స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళుతున్నాడు. గల్లీలో ఉన్న ఏడు ఇళ్ల వాళ్లూ ఫోన్ నంబర్లు పంచుకున్నారు. అందులో ముగ్గురు మాజీ సైనికులు. చిన్నాయన ఊరుకుంటాడా, వాళ్లకి డ్యూటీ చార్టు వేశాడు. ఆయన పొలంలో ఉన్న రాత్రి ఎదురింటి హవల్దార్ గారు పదకొండింటికోసారి, రెండింటికోసారి గల్లీ చివరిదాకా నడిచి వస్తారు. ఎలాగూ షుగరు వల్ల నిద్ర పట్టదంటారాయన. చేతిలో ఓ కర్ర, ఓ టార్చి.

మీరెప్పుడైనా రాత్రిపూట సైనిక్‌పురి గల్లీల్లో నడిస్తే, చీకట్లోంచి "కౌన్ హై?" అని గట్టిగా వినిపించొచ్చు. కంగారు పడకండి. పేరు చెప్పి, ఎవరింటికొచ్చారో చెప్పండి. దారి చూపిస్తారు.